గాలి చూసి నిలిపిన బళ్ళు

మా అత్తగారు గాలిని చూసి బళ్ళు నిలబెట్టేది. సాయంత్రం దీపాలు పెట్టే ముందు పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసుకుని వాకిట్లోకి వచ్చి, చెయ్యి పైకెత్తి కొంచెం కొంచెంగా వదిలేది. బూడిద ఎటు పోతుందో చూసుకుని, అప్పుడు రోడ్డు దిగుతున్న లారీలకి చెయ్యి చూపించేది, నువ్వటు, నువ్విటు అని. తలపాగాల వాళ్ళు, మీసాల వాళ్ళు, మన భాష ఒక్క ముక్క రానివాళ్ళు కూడా ఆ చేతికి లొంగి, బండి వెనక్కీ ముందుకీ తిప్పి ఆవిడ చెప్పిన చోటే పెట్టేవారు. రెండడుగులు తేడా వస్తే మళ్ళీ తీయించేది. ఇదంతా మగాళ్ళ మీద పెత్తనం చెలాయించడానికి ఆవిడ కనిపెట్టిన నాటకమని మొదట్లో నా అనుమానం.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అరవైల చివరి రోజులు. మాది ఆమదాలవలస దగ్గర వరి పొలాల ఊరు. రైలు కూతని బట్టి అన్నం వార్చుకునేవాళ్ళం. అలాంటి దాన్ని తెచ్చి, శ్రీకాకుళం దాటాక కలకత్తా రోడ్డు పక్కన ఇసక పర్రలో పడేశారు. నీడంటే నాలుగు జీడిమామిడి చెట్లు, నీళ్ళంటే ఒక్క గిలకబావి. ఇల్లూ హోటలూ ఒకటే తాటాకు పాక. పాక ముందు రోడ్డుదాకా పరుచుకున్న ఖాళీ జాగా, రాత్రిపూట లారీలు ఆగడానికి. మా నాన్న మొదటిసారి చూడ్డానికి వచ్చి, చెప్పులోంచి ఇసక దులుపుకుంటూ, పిల్లని ఎడారిలో ఇచ్చినట్టయిందే అని గొణిగాడు. మా అత్తగారి చెవులు పాముచెవులు. "ఎడారే అన్నయ్యా. కానీ రాత్తిరికి పాతిక బళ్ళు దిగుతాయి. మీ ఊరికి ఎన్నొస్తాయేటి?" అంది. మా నాన్న ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

బండి నిలిపినందుకు ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. రాత్రి మా దగ్గర భోజనం చేసి, పొద్దున్న టీ తాగి వెళ్తే చాలు. వంట అత్తగారిది, టీ మా ఆయనది, నీళ్ళు తోడ్డం, గిన్నెలు తోమడం నాది. ఎవరైనా టీ బాగుందంటే మాత్రం ఆ పొగడ్త అత్తగారిదే.

ఆ గాలి గొడవ నాటకం కాదని నాకు తెలియడానికి ఒక్క రాత్రి పట్టింది. మాకు తూర్పున నాలుగు మైళ్ళలో సముద్రం. భీమిలి వైపు వెళ్ళే ఎండుచేపల లారీ ఒకటి వారానికోసారి ఆగేది. ఒకరోజు అత్తగారు శ్రీకూర్మం వెళ్ళి ఆలస్యమైతే, ఆ లారీ వాడు తనకు నచ్చిన చోట, అంటే పాకకి ఎదురుగా తూర్పు పక్కన పెట్టుకున్నాడు. సముద్రపు గాలి ఆ లారీ మీదుగా వచ్చి మా అన్నాల మీద కూర్చుంది. మావాళ్ళకి ఎండుచేపలంటే ప్రాణమే, కానీ పెరుగన్నంలోకి కూడా అదే వాసనంటే ఎవరి వల్లా కాదు. ఆ రాత్రి సగం మంది పస్తు పడుకున్నారు.

చేపల లారీ కన్నా గోగునార లారీతో వచ్చిన పేచీ పెద్దది. మా మెట్టల్లో పండిన గోగు కోసి, నానేసి, నార తీసి మోపులు కట్టి, పుష్యం నుంచి ఫాల్గుణం దాకా మిల్లులకి తోలేవారు. ఎండిన నార. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని గోగునార లారీ ఎప్పుడూ గాలి వచ్చే వైపున, చుట్టలు కాల్చేవాళ్ళు గాలి పోయే వైపున ఉండాలి. అంటే సాయంత్రం నార లారీ తూర్పున, చుట్టలవాళ్ళు పడమట, జీడిచెట్టు కింద బండ మీద. మిగిలిన బళ్ళన్నీ మధ్యలో. తెల్లవారుజామున సముద్రపు గాలి ఆగిపోతుంది, కాసేపు ఏ గాలీ ఉండదు, ఆనక పడమటి నుంచి నేలగాలి మొదలవుతుంది. అప్పుడు పెత్తనమంతా తిరగబడుతుంది. లారీల్ని కదపలేం కనక మనుషుల్ని కదపాలి. మా అత్తగారు రోజూ ఆ వేళకి లేచి, జీడిచెట్టు కింద ఎవరైనా చుట్ట ముట్టించుకుని ఉంటే లేపి, లారీలన్నిటికీ ఆవల తూర్పు గట్టుకి తోలేది. ఇరవయ్యేళ్ళు అలా లేచిందట. నేనైతే ఆ వేళకి లేవడమంటే ఏడుపు మొహం పెట్టేదాన్ని.

ఈ నియమం నుంచి ఆవిడ ఒక్క రకం మనుషుల్నే మినహాయించేది. మా వైపు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. ఆ ఏడు మాఘమాసం మొదట్లో కాశీ వెళ్ళే యాత్రబస్సు మా దగ్గర టీకి ఆగినప్పుడు ఒక ముసలమ్మ దిగి, తిన్నగా వెళ్ళి నార లారీ నీడలో గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించి, నిప్పుకొస గబుక్కున నోట్లోకి తిప్పేసుకుంది. అవతల టీ తాగుతున్న పంజాబీ డ్రైవరు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె నోరు కాలిందనుకుని నీళ్ళ చెంబు పట్టుకుని పరిగెత్తాడు పాపం. వేరే డ్రైవర్లు మమ్మల్ని బండ దగ్గరికి తరిమి ఆవిణ్ణి వదిలేశావేమని మా అత్తగారితో తగువు పెట్టుకున్నారు. "ఆయమ్మ నిప్పు నోట్లో దాసుకున్నాది. మీరు గాలికి ఒగ్గేస్తన్నారు. మీరూ నోట్లో ఎట్టుకోండి, మిమ్మల్నీ కూకోనిస్తాను" అంది అత్తగారు. ఎవరూ ముందుకు రాలేదు.

నలభై రోజులు పోయాక ఫాల్గుణంలో ఒక సాయంత్రం ఆ బస్సే తిరిగి వచ్చింది. వెళ్ళేటప్పుడు మామూలు బస్సు. వచ్చేటప్పుడు ఒక ఇల్లు. టాపు మీద పొయ్యిలూ గుండిగలూ మూటలూ, కిటికీలకి ఆరేసిన చీరలూ పంచెలూ, వెనక నిచ్చెనకి వేలాడదీసిన చేంతాడూ బక్కెట్టూ, డ్రైవరు పక్కన తులసిమొక్క డబ్బా. లోపల సీటుకో గంగచెంబు, మూతికి సీలు వేసి గుడ్డ చుట్టినవి. నలభై మంది నలభై రోజులు అందులోనే తిని, పడుకుని, తగువులాడుకుని, మళ్ళీ కలిసిపోయి వస్తున్నారు. ఒక్కొక్కరూ దిగుతుంటే చుట్టాలు దిగుతున్నట్టే ఉంది.

వాళ్ళ ఊరు మాకు పడమటగా ఆరు మైళ్ళు. అరగంట తోలితే ఇంటికి పోతారు. కానీ కాశీ నుంచి వచ్చినవాళ్ళు చీకటిపడ్డాక, చెప్పాపెట్టకుండా ఊళ్ళోకి దిగకూడదు. ముందు కబురు వెళ్ళాలి, పొద్దున్న ఊరివాళ్ళు మేళంతో పొలిమేరకి ఎదురు రావాలి. ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చి తమవాళ్ళ కాళ్ళు కడిగి, చేతిలో గంగచెంబు అందుకుని నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. అందాకా ఆ చెంబు నేల మీద పెట్టరు, పొలిమేర దాటరు. అందుకని యాత్రపెద్ద సైకిలు మీద ఊరికి కబురంపి, ఆ రాత్రికి బస్సు మా జాగాలో పెట్టుకుంటామన్నాడు.

ఆ రోజు మా అత్తగారికి వొళ్ళు వెచ్చగా ఉంది. అయినా అందరికీ వండింది. వండి, నన్ను పిలిచి, ఇవాళ బళ్ళు నువ్వే నిలబెట్టు అంది. నేను గుప్పెడు బూడిద తీసుకుని, ఆవిడ లాగే చెయ్యెత్తి వదిలితే సగం నా కంట్లోనే పడింది. అయినా బాగానే పెట్టాను. నార లారీ తూర్పున, కాశీ బస్సు మధ్యలో, మిగిలినవి వరసలో. నాకు గర్వంగా కూడా ఉంది. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చూసి, టీకి నీళ్ళు లేవన్నాడు.

యాత్రవాళ్ళ భోజనాలయ్యాక ఆ చుట్ట ముసలమ్మకి నేనే గుర్తుపెట్టుకుని పొయ్యిలోంచి నిప్పు పట్టుకెళ్ళాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సుట్ట వదిలీసినాను పిల్లా. కాశీలో."

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. ఆ బస్సులో ఎవరేం వదిలారో అప్పటికే నాకు తెలుసు, గిన్నెలు తోముతూ అన్నీ విన్నాను. యాత్రపెద్ద కాకరకాయ వదిలాడు, అది ఆయన పుట్టి బుద్ధెరిగాక ముట్టుకోనిది. ఒకాయన ఆపిలుపండు వదిలాడు, దాని మొహం కాశీలోనే మొదటిసారి చూశాడు. తక్కిన మగాళ్ళలో ఒక్కడూ చుట్ట మాటెత్తలేదు, కల్లు మాటెత్తలేదు. ఈవిడ ఒక్కతే నిజంగా ఇష్టమైనది వదిలింది. ఎందుకంత పని చేశావని అడిగాను. నాకు నోటి దురద ఎక్కువ.

ఆవిడ కథ చెప్పింది. మొగుడు రానన్నాడు. ఎడ్లనీ గోగునీ ఎవరు చూస్తారన్నాడు. ఎండగట్టిన నార వదిలి గంగలో మునిగితే పుణ్యం రాదన్నాడు. ఈవిడ తను పెంచుకున్న మేకల్ని అమ్ముకుని బస్సులో పేరు రాయించుకుంది. ఆయనకి కోపమొచ్చి, నన్నడక్కుండా పోతున్నావు, నువ్వొచ్చిన రోజున నేను ఎదురు రాను, నీ చెంబు నువ్వే మోసుకో అని పదిమంది ముందూ అనేశాడు. ఆయన ఒకసారి అంటే అన్నట్టేనట. కొడుకులు లేరు. కూతుళ్ళు ఇద్దరు, ఒకతె కొత్తవలస అవతల, ఇంకొకతె బరంపురం దగ్గర. ఎదురొస్తే ఆయనే రావాలి. నలభై రోజులుగా బస్సులో ఆడవాళ్ళు ఇదే వేళాకోళం చేస్తున్నారు, ఈవిడా నవ్వుతోంది. నాతో చెబుతూ కూడా నవ్వింది. ఆయన రాకపోతే ఏం చేస్తావని అడిగాను.

"ఏటి సేస్తాను. సెంబు పట్టుకుని నిలబడతాను. అందరూ ఇళ్ళకి పోయినంత సేపూ నిలబడతాను" అంది. ఈసారి నవ్వలేదు.

నాకు ఆ ముసలాడు కనిపిస్తే నాలుగు కడిగేద్దామన్నంత కోపమొచ్చింది.

కడిగాను కూడా, అయితే ఎవరో తెలియకుండా. ఇంకో గంటకి, అందరూ పడుకునే వేళ, ఒక ముసలాయన పడమటి బాటమ్మట నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ళు మోకాళ్ళదాకా దుమ్ము. చంకలో గుడ్డమూట. టీ తాగుతావా అంటే వద్దన్నాడు. కాశీ బస్సు ఇదేనా అని అడిగాడు. అందరూ సుఖంగా వచ్చారా, ఎవరికీ జబ్బులేం చెయ్యలేదు కదా అని అడిగాడు. ఎవరి తాలూకు అని నేనడిగితే, ఎవరి తాలూకూ కాదు, గోగునార బేరం మాట్లాడ్డానికి లారీ దగ్గరికి వచ్చానన్నాడు. నేను నమ్మాను. అంత రాత్రివేళ నడిచొచ్చి నార బేరమాడేవాడు ఎక్కడైనా ఉంటాడా అని నాకు తట్టలేదు. బళ్ళు నిలబెట్టిన గర్వంలో ఉన్నాను.

ఆయన వెళ్ళి నార లారీకి చేరబడి చుట్ట తీశాడు. నేను ఒక్క పరుగున వెళ్ళి, నెత్తి మీద వెంట్రుకలు నెరిస్తే చాలదు తాతా, బుద్ధి కూడా ఉండాలి, నార పక్కన నిప్పు పెడతావా అని దులిపేశాను. చెయ్యి పుచ్చుకుని నడిపించుకెళ్ళి పడమటి జీడిచెట్టు కింద బండ మీద కూర్చోబెట్టాను. ఆయన బస్సు కనిపించేలా తిరిగి కూర్చున్నాడు. అత్తగారు జ్వరంతో పడుకుంది, తెల్లవారుజామున నువ్వే లేచి చుట్టలవాళ్ళని అటు మార్చు అని మరీ మరీ చెప్పింది. సరే అన్నాను. నులకమంచం ఎక్కిందే గుర్తుంది.

మళ్ళీ మెలకువ వచ్చింది అత్తగారు చెవి పట్టుకుని లాగితే. గాలి తిరిగిపోయింది. పడమటి నుంచి చల్లగా వీస్తోంది. దాంతో పాటు చుట్టవాసన. అది తిన్నగా బస్సు మీదుగా నార లారీ వైపు పోతోంది. "ఒలే, ఊరు తగలెట్టీడానికి నిన్ను తెచ్చుకున్నానేటి" అంటూ ఆవిడ ముందు, చెవి రుద్దుకుంటూ నేను వెనక, జీడిచెట్టు వైపు పరిగెత్తాం. సగం దూరంలో అత్తగారు ఆగిపోయింది. చెయ్యి అడ్డం పెట్టి నన్నూ ఆపింది.

బస్సు తలుపు తీసి ఉంది. ఆ ముసలమ్మ గంగచెంబు గుండెకి హత్తుకుని మెట్టు మీద నుంచుని, గాలికి ఎదురుగా మొహం పెట్టి వాసన చూస్తోంది. అది వాళ్ళ పెరట్లో పండి, ఆయన చేత్తో చుట్టిన పొగాకట. ముప్ఫై అయిదేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి అరుగు మీద ఇద్దరూ చెరో చుట్టా కాల్చుకోవడం అలవాటు. మాటలు తక్కువే, కానీ మాట్లాడుకుంటే అప్పుడే. ఇదంతా ఆవిడ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం చెట్టు కింద ఎర్రగా మెరుస్తున్న నిప్పు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"ఎందుకొచ్చినావు?" అంది.

"నార బేరానికి" అన్నాడు ఆయన.

ఆయన చంకలోని మూట తీసి విప్పాడు. నిండా చుట్టలు. నువ్వు పోయిన కాణ్ణుంచీ రోజూ అలవాటుగా రెండేసి చుట్టాను, ఒకటి కాల్చుకున్నాను, నీది దీంట్లో పెట్టాను, అని చెప్పి మూట ఆవిడ వైపు తోశాడు. ఆవిడ చెయ్యి చాపలేదు.

"సుట్ట వదిలీసినాను."

"ఎవుల్నడిగి?"

"ఎవుల్నీ అడగలేదు. ఇష్టమైంది వదలమన్నారు. నువ్వు ఎదురు రానన్నావు. నువ్వు పక్కన లేకుండా కాల్చుకునే సుట్ట నాకెందుకని వదిలీసినాను."

ముసలాయన చాలాసేపు మూట వైపే చూశాడు. ఆ తర్వాత కోపమొచ్చిందో దుఃఖమొచ్చిందో, మూట ఎత్తి అవతలికి విసిరేయబోయాడు, నోట్లో చుట్టతో సహా. ఇంక మా అత్తగారు ఆగలేకపోయింది. మొగుడూపెళ్ళాల మధ్యకి వెళ్ళకూడదన్న ఇంగితం ఆవిడకి ఉంది, కానీ అవతల నార లారీ ఉంది. ఒక్క అంగలో వెళ్ళి మూట లాక్కుంది. ఇద్దరినీ రెక్కలు పట్టి లారీలన్నిటికీ ఆవలగా తూర్పు గట్టుకి నడిపించింది. అక్కడ వంగి ఇంత ఇసక తీసి, చెయ్యెత్తి వదిలింది. చూసుకుంది. ముసలాయన్ని ఇటు కూర్చోబెట్టింది. మళ్ళీ ఇసక వదిలింది. ముసలమ్మని రెండు బారల దూరంలో అటు కూర్చోబెట్టి, చాలక ఇంకొంచెం జరిపింది, లారీలని జరిపినట్టే.

"నువ్వు వదిలింది సుట్ట. గాలిని వదిలినావేటి? అతగాడు కాలస్తాడు, గాలి తెస్తాది. నువ్వు కూకో" అంది.

ముసలమ్మ ఆలోచించింది. గంగమ్మ దగ్గర తానన్న మాటేమిటో మనసులో మళ్ళీ అనుకున్నట్టుంది. కాసేపటికి చెంబు ఒళ్ళో సర్దుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ముసలాయన చుట్ట పీల్చి పొగ గాలికి వదిలాడు. నేను అత్తగారి వెనక నిలబడి ఏడ్చేశాను. నా వల్ల ఊరు తగలబడబోయిందన్న భయం కూడా అందులో కొంత ఉంది.

తెల్లవారాక కొత్త చిక్కొచ్చింది. ఎదురు రావలసిన మనిషి ఇక్కడ కూర్చున్నాడు. బస్సులో ఆవిడతో పాటే పోతే ఎదురొచ్చినట్టు ఎలా అవుతుంది? మా ఆయన ముసలాయన్ని సైకిలు వెనక ఎక్కించుకుని ఇసకబాటలో తొక్కాడు. యాత్రపెద్ద, కాకరకాయ వదిలిన మహానుభావుడు, అందరికీ వినబడేలా వర్జ్యం ఉందని ప్రకటించి బస్సు రెండు గంటలు ఆపేశాడు. పంచాంగం ఎవరూ అడగలేదు. వేళాకోళం చేసిన ఆడవాళ్ళే ముసలమ్మకి తల దువ్వి కొప్పు పెట్టారు. అత్తగారు నన్ను పిలిచి, తప్పు చేసినదానివి నువ్వే కనక నువ్వే వెళ్ళి ఏమైందో చూసిరా అని బస్సెక్కించింది.

పొలిమేరలో మేళం మోగుతోంది. మేళానికి ముందు, అందరికన్నా ముందు, తడిపంచెతో ఆయన నిలబడి ఉన్నాడు. కాళ్ళు కడిగాడు. కడిగిన కాళ్ళే మళ్ళీ కడిగాడు. చెంబు అందుకుంటుంటే గుడ్డ జారిపోయింది, ఆవిడ సర్దింది. ఆయన చెంబు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, ఆవిడ వెనక నడిచింది. నన్నొక్కసారి తిరిగి చూసి నవ్వింది. నేను మళ్ళీ ఏడ్చాను.

ఆ తర్వాత వాళ్ళ ఊరి సంతకి వెళ్ళినప్పుడల్లా సాయంత్రం ఆ అరుగు వైపు ఒక చూపు చూసేదాన్ని. ఆయన ఒకచోటే కూర్చునేవాడు. ఆవిడ చాప మాత్రం గాలిని బట్టి మారేది. ఒకసారి అటు గోడకి, ఒకసారి ఇటు స్తంభానికి. ఒక రోజు గాలి నిమిషానికోలా తిరుగుతుంటే, చాప చంకలో పెట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతోంది. వీధిలో పిల్లలందరూ నవ్వుతున్నారు, ఆవిడా నవ్వుతోంది, ఆయనొక్కడే ఏమీ ఎరగనట్టు కాలుస్తున్నాడు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆయన పోయాడని కబురు తెలిసింది. పోయిన మూడు నెలలకి ఆవిడ ఒక సాయంత్రం ఒంటరిగా మా దగ్గర బస్సు దిగింది. పలకరిస్తే పలికింది కానీ పాకలోకి రాలేదు. తిన్నగా జీడిచెట్టు వైపు వెళ్ళి, బండ మీద చుట్టలు కాలుస్తున్న లారీవాళ్ళకి గాలి పోయే వైపున ఇసకలో కూర్చుంది. వాళ్ళెవరో ఆవిడకి తెలియదు, ఆవిడెవరో వాళ్ళకి తెలియదు. ముసలమ్మకి పొగ పడదేమోనని వాళ్ళు మర్యాదగా చుట్టలు దాచబోతే, కాల్చండి నాయనా అంది. కాసేపు పీల్చి చూసింది. నేను మంచినీళ్ళు పట్టుకెళ్తే తల ఊపింది.

"ఇది కాదమ్మా" అంది. "ఈ పొగాకు కాదు."

వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు వాకిట్లో లేదు. ఆ తర్వాత చూశాను, ముక్కాలిపీట వేసుకుని పొయ్యి మీది అటకలో దేనికోసమో తడుముకుంటోంది. మసి పట్టిన గుడ్డమూట దింపింది. ఆ మూట ఆ రోజున డ్రైవర్లకి పంచేసిందనే అనుకున్నాను. ఒక్కటి కూడా ఇవ్వలేదు.

మా అత్తగారు జన్మలో చుట్ట ముట్టలేదు. ఇరవయ్యేళ్ళుగా చుట్టలవాళ్ళని తరమడమే ఆవిడ పని. అలాంటిది ఒక చుట్ట తీసుకుని, కొరివితో ముట్టించుకుని, బండ మీదున్న లారీవాళ్ళని లేపి పంపేసి, వాళ్ళ చోట తను కూర్చుంది. ఒక్క పీల్పుకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దగ్గుతూ, తిట్టుకుంటూ, మళ్ళీ పీల్చి పొగ వదిలింది. ముసలమ్మ కళ్ళు మూసుకుంది. కానీ సాయంత్రం గాలి నిలకడగా లేదు. పొగ ఆవిడ దాకా పోకుండా పక్కకి వాలిపోతోంది. అత్తగారికి దగ్గుతో అది కనబడ్డం లేదు.

నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి గుప్పెడు బూడిద తెచ్చాను. చెయ్యెత్తి కొంచెం కొంచెంగా వదిలాను. ఈసారి నా కంట్లో పడలేదు. అత్తా, నువ్వు ఇటు జరుగు అన్నాను. ఆవిడ లేచి, నేను చూపించిన చోటికి జరిగి కూర్చుంది.